సలవ నీళ్లు, ఓబులేసు వేళ్లు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక రాజధాని లేస్తుంది, పడిపోతుంది. ఒక మనిషి తన ఇంట్లోనే తాను వెలి అవుతాడు. అతన్ని వెలివేసిన విషమే చివరికి ఒక్క చుక్కై అతన్ని విడిపిస్తుంది.

ఇట్లా మొదలుపెట్టి రెండు కాగితాలు చించేసినాను. రాజధాని అంటే మా కర్నూలు. అది లేచింది గుడారాల్లో, పోయింది లారీల్లో. వెలి అయిన మనిషి క్షవరం చేసే ఓబులేసు. విషం అంటే మొగానికి పూసుకోమని మా అంగట్లో సీసాల్లో అమ్మిన నీళ్లు. కలిపింది నేను. విడిపించింది మాత్రం నేను కాదు, ఒక డాక్టరు. కావ్యానికి కావలసిన సరుకు ఇంతకంటే లేదు కాబట్టి ఉన్నదే చెప్తాను.

అరవై ఏండ్లు నిండినవాళ్లు రాసుకునే రకం ఇది. నేను ఇరవై ఎనిమిదికే రిటైరైనాను. రాజధాని హైదరాబాదుకు పోతే మా గిరాకీలో సగం దానితోనే లారీ ఎక్కింది. మిగిలిన సగానికి ఆరోగ్యం బాగానే ఉండింది. అంగడి మూతపడింది. ఇప్పుడు కమలాపురం దగ్గర మా నాయన చెనిక్కాయ చేను, అంటే వేరుశనగ, చూసుకుంటున్నాను. కాంపౌండరు పనిలో చేరబోయే పిల్లగాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగినారు, ఆ పనిలో ఏముంటుందని. ఔన్సు గ్లాసు పట్టుకునేది ఎట్లో ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పగలిగింది, అది పట్టుకుని ఏమేమి పాడు చేయవచ్చునో.

అంగడి, అల్మారా, తాళంచెవి

కొండారెడ్డి బురుజుకు దగ్గరలోనే మా అంగడి. యజమాని ఖాదర్ సాయిబు. వాళ్ల నాయన హకీము. నాయన నాడి పట్టి రోగం చెప్పేవాడు. ఈయన మొగం చూసి ఎంత పెద్ద సీసా కొంటాడో చెప్పేవాడు. చెడ్డవాడు కాదు. మంచివాడని ఎవరైనా అంటే ఆయనే నమ్మడు.

అవి మద్యనిషేధం రోజులు. ఊర్లో చట్టం ప్రకారం సారా ఉన్న చోట్లు తక్కువ. వాటిలో మా అల్మారా ఒకటి. మందుల్లో కలపడానికి స్పిరిట్ పెట్టుకోవచ్చునని సాయిబుకు అనుమతి ఉండింది. ఆ అల్మారా తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. కడుపునొప్పి అని వచ్చి, ఇచ్చిన మందు వాసన చూసి, 'ఇది కాదప్పా' అని నొప్పి తగ్గిపోయి వెళ్లిపోయినవాళ్లను చూసినాను. అది వేరే కథ. మన కథలో స్పిరిట్‌ను ఎవరూ తాగలేదు. తాగింది చర్మమే.

సలవ అనే మాట

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు ఈ మాటను అర్థం చేసుకోవాలి. మా సీమలో అన్ని రోగాలకూ కారణం ఒకటే, వేడి. కురుపు వేడి, కంటికలక వేడి, నోటిపూత వేడి. ఇంటావిడ అరిస్తే అదీ వేడే. మందు కూడా ఒకటే, సలవ. మజ్జిగ సలవ, నన్నారి సలవ, సబ్జా గింజలు సలవ. ఇంతవరకూ తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, చేతికి చల్లగా తగిలిందల్లా ఒంటికి సలవ చేస్తుందని అనుకోవడం. చల్లగా తగలడం ఒకటి, సలవ చేయడం ఇంకొకటి. మా భాషలో రెండింటికీ ఒకే మాట ఉంది. నేను ఆ భాషలోనే పుట్టినాను, కాబట్టి నేనూ అట్లనే అనుకున్నాను.

మా అంగట్లో నాకంటే ముందున్న ముసలి కాంపౌండరు మొగానికి పూసుకునే నీళ్లు ఒకటి కలిపేవాడు. పన్నీరు, గ్లిజరిను, కొంచెం కర్పూరం. కర్పూరం నీళ్లలో కరగదు కాబట్టి దాన్ని కరిగించేంత మటుకే స్పిరిట్. క్షవరం చేయించుకున్నాక పూసుకునేవాళ్లు. ఎవరూ పొగడలేదు, ఎవరూ తిట్టలేదు. మంచి మందుకు అది మంచి గుర్తని ఇప్పుడు తెలుసు.

ఇంతలో కర్నూలు రాజధాని అయింది. కోస్తా జిల్లాల నుంచి గుమాస్తాలు దిగినారు. ఆఫీసులు గుడారాల్లో, వాళ్లూ గుడారాల్లో, వాళ్ల మీద మా దుమ్ము. కృష్ణ పక్కన, గోదావరి పక్కన తడిగాలిలో పెరిగిన చర్మాలు. మా గాలికి నెల తిరక్కముందే మొగాలు ఎండిన రేగుపండ్లయినాయి. వాళ్లలో సుబ్బారావు అని గుంటూరు వైపు గుమాస్తా ఒకాయన, మాటకారి, మా నీళ్లు కొని మూడో రోజే వచ్చినాడు.

"జిగటగా ఉందండీ. దుమ్మంతా వచ్చి మొహానికే అంటుకుంటోంది. కాస్త చల్లగా ఉండేది లేదా?"

జిగట గ్లిజరినుది. దాన్ని సగానికి సగం తీసేసినాను. చల్లదనం స్పిరిట్‌ది. దాన్ని పెంచినాను. మళ్లీ పెంచినాను. సాయిబు ముంజేతి మీద పోసి చూపిస్తే, ఆయన కండ్లు మూసుకుని ఊదుకున్నాడు.

"శెభాష్ రా అబ్బీ. సలవ అంటే ఇది. మా నాయన బతికుంటే ఏడుస్తాండె."

ఎందుకు ఏడ్చేవాడో అప్పుడు నాకు తట్టలేదు. సీసా మీద 'సలవ నీళ్లు' అని అచ్చు వేయించినాము, కింద సాయిబు పేరు. గుడారాలకు గుడారాలే వచ్చి కొన్నాయి.

న్యాయంగా చెప్పాలంటే కొందరికి బాగానే ఉండింది. మొగం జిడ్డు కారే పడుచువాళ్లకు, వారానికి రెండుసార్లు పూసుకునేవాళ్లకు ఏమీ కాలేదు. మిగిలినవాళ్లు వచ్చి మొగం బిగుసుకుపోతుంది అనేవాళ్లు. 'పని చేస్తాండాదని గుర్తు' అని చెప్పినాను. మంట పుడుతుంది అనేవాళ్లు. మంట అంటే వేడి, వేడికి సలవ, ఇంకొంచెం పూసుకోమని చెప్పినాను. ఈ మాటలు రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. చెప్పేటప్పుడు మాత్రం చాలా ధైర్యంగా చెప్పినాను.

రెండు తప్పులు

ఓబులేసు మా అంగడికి ఎదురుగా, హోటలు గోడకు నీడ కోసం ఒక గుడ్డ పట్టా కట్టుకుని, కింద బల్ల వేసుకుని క్షవరం చేసేవాడు. ముప్పై ఏండ్ల మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఆ పనిలో అది వింతే. చెయ్యి మెత్తన. కత్తి చెంప మీద నడిచింది తెలిసేది కాదు. గుమాస్తాలు వరసలో నిలబడి ఆయన దగ్గరే చేయించుకునేవాళ్లు.

సలవ నీళ్లు వచ్చినాక ఆయన పెద్ద సీసాలు కొన్నాడు. గడ్డం గీసి, అరచేతిలో పోసుకుని, రెండు చేతులతో గిరాకీ చెంపలకు రుద్దేవాడు. గుమాస్తా చెంపకు అది రెండు రోజులకు ఒకసారి. ఓబులేసు వేళ్లకు రోజుకు ముప్పై సార్లు, మధ్యలో సబ్బునురగ వేరే. ఎవరికి అమ్ముతున్నామో చూసినాను. ఎవరి చేతిమీదుగా పోతుందో చూడలేదు.

చలికాలం వచ్చేటప్పటికి ఆయన వేళ్లు తెల్లబడి, పొట్టు లేచినాయి. తర్వాత కణుపుల దగ్గర పగిలినాయి. పగిలితే మండుతుంది. మండితే సలవ చేయాలి. ఆయన ఇంకా పోసుకున్నాడు.

ఒక పొద్దున సుబ్బారావు బల్ల మీద కూర్చుని ఆ వేళ్లు చూసినాడు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను.

"ఏమిటోయ్ ఓబులేసూ, వేళ్లు అలా తెల్లబడ్డాయి? పెద్దరోగం కాదు గదా?"

పెద్దరోగం అంటే కుష్టు. పేరు పలికితే వస్తుందని జనం ఆ పేరు పలకరు. సుబ్బారావు నవ్వుతూనే అన్నాడు. అక్కడితో ఆగిపోయేదే. ఎక్కడైనా గంభీరంగా ఏదైనా కనిపిస్తే దానికి ఒక సూది గుచ్చడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. నేను అన్నాను:

"చూసుకోండి సార్, గడ్డంతో పాటు వేలు కూడా ఒళ్లో రాలుతాదేమో."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వినారు. ఓబులేసు కూడా నవ్వినాడు, కత్తి తుడుచుకుంటూ.

ఐదేండ్లలో నేను చేసిన తప్పుల్లో మొదటిది సీసాలోది, రెండోది నోటిది. సీసాలోదానికి విరుగుడు దొరికింది. నా ఎగతాళి ఆ రోజు మధ్యాహ్నానికల్లా గుడారాలన్నీ తిరిగింది. సాయంత్రానికి అందులో నవ్వు రాలిపోయి సంగతి మాత్రమే మిగిలింది. పది రోజుల్లో బల్ల ఖాళీ.

సట్టి వేరే

ఒక మధ్యాహ్నం ఓబులేసు అంగడికి వచ్చినాడు. మెట్టు ఎక్కలేదు. చేతులు తువ్వాలులో చుట్టుకుని కింద నిలబడినాడు.

"ఇంకో సీసా ఇయ్యప్పా. పెద్దది."

"గిరాకీ లేదు కదప్పా. ఎవురికి?"

"నాకే. చేతులు మండుతాండాయి. ఇది పోసుకుంటే రెండు నిమిషాలు సలవగా ఉంటాది."

"రెండు నిమిషాలైనాక?"

"ముందుకంటే జాస్తి మండుతాది. మల్ల పోసుకుంటా."

ఇందులో తిరకాసు నాకు అప్పుడు కనిపించింది. కాంపౌండరుకు కనిపించాల్సినప్పుడు కాదు, చానా ఆలస్యంగా.

"చెయ్యి చూపించు."

"చూడగాకప్పా. నీకెందుకు అంటిచ్చుకోవడం."

"ఎవురన్నారు అంటుతాదని?"

"అందరూ అన్నారు. నువ్వూ అన్నావు కదా, రాలుతాయని." ఆ మాటలో కోపం లేదు. చెప్పినదాన్ని గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. "అన్నం సట్టి వేరే పెట్టుకొన్నా. గడప బయట తింటాండా. పాపను ఎత్తుకోక నెల దాటింది. అది గడప కాడ నిలబడి చేతులు చాపుతాది. పనుండాదని చెప్పి ఈడికి వస్తా. ఈడ పనీ లేదు."

అరలో నుంచి చిన్న సీసా ఒకటి తీసి నా జేబులో వేసుకున్నాను.

"సీసా ఇయ్యను. డాక్టరు కాడికి పోదాం పా," అన్నాను.

"వద్దప్పా. ఆడ పేరు రాస్తారు. రాసినాక చెరిపేదెవురు?"

అంగడి వదిలిపెట్టి మెట్టు దిగి ఆయన తువ్వాలు కొస పట్టుకుని నడిచినాను. చెయ్యి పట్టుకోనిస్తే కదా.

ఒక చుక్క

డాక్టరు పెద్దాయన, కడప మనిషి. పటాలంలో పనిచేసి వచ్చి కర్నూలులో ఇంట్లోనే రోగులను చూసేవాడు. ఓబులేసును కండ్లు మూసుకోమన్నాడు. దూది పోగు ఒకటి తీసుకుని వేలికొకసారి తాకించి, యాడ తగిలిందో చెప్పమన్నాడు. ఓబులేసు ప్రతిసారీ సరిగ్గా చెప్పినాడు. రెండు గాజు గొట్టాల్లో చన్నీళ్లు, వేన్నీళ్లు పోసి ఆనించినాడు. ఏది ఏదో సరిగ్గా చెప్పినాడు. మోచేతి వెనక నరం తడిమినాడు. చొక్కా విప్పించి వీపంతా మచ్చలకు వెతికినాడు.

"ఏం వాడతాండావు?"

నేను సీసా బల్ల మీద పెట్టినాను. డాక్టరు మూత తీసి వాసన చూసి ముక్కు వెనక్కి తీసుకున్నాడు.

"ఎవురు కలిపింది?"

"నేనే సార్."

"తాగేదానికా?"

"మొగానికి సార్. సలవకు."

ఆయన సీసా వంచి, ఓబులేసు బొటనవేలి పగులు మీద ఒక్క చుక్క వేసినాడు. ఓబులేసు 'అమ్మా' అని బల్ల మీద నుంచి లేచి నిలబడినాడు.

"అరిచినావు," అన్నాడు డాక్టరు.

"మండింది సామీ."

"పెద్దరోగం తినేసిన వేలు అరవదప్పా. దానికి కత్తి దిగినా తెలీదు, నిప్పు తగిలినా తెలీదు. నీ వేళ్లకుండేది ఆ రోగం కాదు." గడ్డంతో నన్ను చూపించినాడు. "నీ రోగం ఈయప్పే."

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పరీక్ష అంతా చుక్కకు ముందే అయిపోయింది. ఆ చుక్క మా ఇద్దరి కోసం. దాన్ని చూసి మీరెవరూ రోగుల పుండ్ల మీద స్పిరిట్ పోసి కుష్టు ఉందో లేదో తేల్చకండి.

తర్వాత ఆయన నాకు చెప్పింది, నాలుగు మాటల్లో: "మీ ఊర్లో మిద్దె మీద చవుడుమట్టి పోస్తారు కదా, ఎందుకు?"

"వాన దిగకుండా సార్."

"చర్మం మీద జిడ్డు కూడా చవుడే. మిద్దె మీదిది నీళ్లు లోపలికి రానీదు. ఇది లోపలి తడిని బయటికి పోనీదు. స్పిరిట్ ఆ చవుడును గీకి ఎత్తుకుని పోతాది. పోతా పోతా ఒంటి వేడి కొంచెం తీసుకుపోతాది కాబట్టి చల్లగా ఉంటాది. ఇల్లు దోచుకునేటోడు పోతా పోతా విసనకర్రతో విసిరిపోయినట్టు. నువ్వు ఆ గాలిని అమ్మినావు."

సలవ నీళ్లు మానేయమన్నాడు. సబ్బు తగ్గించమన్నాడు. కడుక్కున్న ప్రతిసారీ చెయ్యి ఇంకా తడిగా ఉన్నప్పుడే ఆముదం పూసుకోమన్నాడు. ఓబులేసు ఒకటే అడిగినాడు.

"రోగం లేదని చీటీ రాసియ్యి సామీ."

డాక్టరు రాసిచ్చినాడు. ఓబులేసు దాన్ని పట్టా కింద గోడకు అతికించినాడు. గుమాస్తాలు వచ్చి చదివినారు. చదువుకున్నవాళ్లు కదా. సుబ్బారావు చదివి పక్కవాడితో అన్నాడు, "రోగం లేనివాడికి లేదని చీటీ ఎందుకండీ?" అంతకుముందు అనుమానం మాత్రమే ఉండింది. ఇప్పుడు దానికి కాగితం కూడా వచ్చింది.

గడ్డం లేని గిరాకీ

ఇక చేయడానికి ఒకటే మిగిలింది. మరునాడు పొద్దున ఆఫీసులకు పోయే వేళకు పోయి ఓబులేసు బల్ల మీద కూర్చున్నాను.

"చెయ్యి."

"ఏం చేసేది?" నా మొగం పరీక్షగా చూసినాడు. "నీకు యాడుండాది గడ్డం?"

అది నిజమే. మా వంశంలో గడ్డాలు ముప్పై దాటినాకే వస్తాయి. అయినా సబ్బునురగ పూయించుకుని కూర్చున్నాను. ఓబులేసు చేతులకు ఆముదం పూసుకున్నాడు, కత్తి జారకుండా పిడికి గుడ్డ చుట్టుకున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసినారు. అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే చెప్పినాను. ఈయన వేళ్లు పాడైంది మా సలవ నీళ్లతో, కలిపింది నేను, వేలు రాలుతాదని ఎగతాళి చేసిందీ నేనే, రెండూ తప్పు. రోజూ పోయినాను. మూడు వారాలు, లేని గడ్డాన్ని. అంతకంటే నున్నటి మొగం రాజధానిలో ఇంకొకటి లేదు.

నాలుగో రోజున సాయిబు పిలిచినాడు.

"నిజం చెప్పేది మంచిదే రా అబ్బీ. నా అంగడికి ఎదురుగా కూచోని చెప్పాల్నా?"

"ఆయప్ప బల్ల ఈడనే ఉండాది సాబ్."

"సీసా మీద నా పేరుండాది."

"అందుకే చెప్తాండా, కలిపింది నేనని."

నా ఉద్యోగం అప్పుడే పోయిందనుకున్నాను. సాయిబు లేచి అరలో ఉన్న సలవ నీళ్ల సీసాలన్నీ తీసి తన చేత్తోనే వెనక కాలువలో వంచేసినాడు. కాలువ దగ్గర కొంచెం సేపు జనం గుమిగూడినారు, వాసనకు.

మరునాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని వీధి దాటి పోయి బల్ల మీద కూర్చున్నాడు. "గుండు చెయ్యి," అన్నాడు. బజారంతా నిలబడి చూసింది. ఓబులేసు రెండు చేతులూ ఆ తల మీద పెట్టినాడు. యజమాని అంటే ఇట్లా ఉండాల అనుకున్నాను, సాయంత్రం ఆయనతో అన్నాను కూడా.

"ఎండకు తలంతా గుల్లలు లేచినాయి రా," అన్నాడు సాయిబు. "నెల నుంచి అనుకుంటాండా."

గీసిన ఆ నున్నటి తల మీద నాకు ఒక్క గుల్లా ఎందుకు కనిపించలేదో నేను అడగలేదు.

గిరాకీ ఒక్కొక్కరే తిరిగి వచ్చినారు. సుబ్బారావు కూడా వచ్చినాడు. పశ్చాత్తాపంతో అని రాయాలని ఉంది. బజారు గడియారం దగ్గర క్షవరం చేసే ఇంకొకాయన సుబ్బారావు చెంప కోసినాడు, అందుకని.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

స్పిరిట్ రాక్షసి కాదు. సూది వేసే ముందు చర్మం తుడవడానికి కావాలి. కర్పూరం కరగడానికి కావాలి. జిడ్డుమొగానికి, గ్లిజరిను సరిపడా ఉన్న నీళ్లలో కొంచెం ఉంటే నష్టం లేదు. ఎండిన చర్మానికి, పగిలిన చర్మానికి, కత్తి అప్పుడే నడిచిన చర్మానికి, పసిపిల్లలకు వద్దు. మండితే పని చేస్తున్నట్టు కాదు, మండుతున్నట్టు.

మందు పూసుకున్నప్పుడు ఎట్లుందని అడగకండి. ఎవరైనా బాగుందనే అంటారు. మూడో వారం ఎట్లుందని అడగండి. కొన్నవాణ్ణే కాదు, పూసే చేతిని కూడా చూడండి. మీ దగ్గరికి వచ్చిన మనిషి భయపడుతున్నప్పుడు మీకు మంచి ఎగతాళి ఒకటి తడితే, దాన్ని మింగండి. నేను ఇప్పటికీ మింగలేను. అందుకే చేనికి వచ్చినాను. చెనిక్కాయలు బాధపడవు.

అంగడి మూసే ముందు నెలలో ఓబులేసు ఒకరోజు మెట్టు ఎక్కి వచ్చినాడు. చంకలో పాప. మూడు నాలుగేండ్లుంటాయి. నాయన బొటనవేలు పిడికిట్లో పట్టుకుని నన్ను చూసింది. వేలు మామూలు వేలు. వాళ్లు తిరిగి పోయేటప్పుడు పాప గౌను వీపు మీద ఒక పెద్ద చెయ్యి అచ్చు కనిపించింది, ఆముదంతో. అరచెయ్యి, ఐదు వేళ్లు, ఏదీ తక్కువ కాలేదు.

ఆముదం మరక ఒట్టి సబ్బుకు పోదు. ముందు శనగపిండి చల్లి ఒక పూట ఆగి దులపాలి. తర్వాత వేన్నీళ్లలో చాకలిసోడా వేసి నానబెట్టాలి. రంగు గౌనైతే సోడా తక్కువ వేయండి.